రెండు డిస్కులు పోయిన పెట్టెలోంచి పదహారేళ్ల పుస్తకాలు: నా అనుభవం

విజయవాడలో ఏలూరు రోడ్డును ఆనుకుని ఉన్న ఒక సందులో నేను 2009 నుంచి డీటీపీ కేంద్రం నడుపుతున్నాను. శుభలేఖలు, కరపత్రాలు కూడా చేస్తాము గాని మా అసలు పని పుస్తకాలు. రచయితలు చేతిరాతతో తెచ్చిన కాగితాలను కంపోజు చేయడం, ప్రూఫులు తీయడం, దిద్దుబాట్లు వేయడం, పదహారు పేజీల ఫారాలుగా అమర్చి ప్లేట్లకు పంపడం మాకు నిత్యకృత్యం. దానితోపాటు, ఇప్పుడు అచ్చులో లేని పాత పుస్తకాలను 600 డీపీఐ మీద స్కాన్ చేసి పెట్టే పనిని 2013 నుంచి ఇష్టంగా చేస్తున్నాను. ఇవన్నీ నాలుగు డిస్కులున్న ఒక నెట్‌వర్క్ స్టోరేజీ పెట్టెలో ఉండేవి. ఒక్కొక్క డిస్కు రెండు టెరాబైట్లు. ఒక డిస్కంత చోటు భద్రతకే కేటాయించే రెయిడ్ 5 పద్ధతిలో కలిపినందువల్ల మాకు దక్కిన చోటు ఆరు టెరాబైట్లు. అందులో నిండినది సుమారు 2.6 టెరాబైట్లు.

2025 మే 12వ తేదీ సోమవారం మధ్యాహ్నం, 2013లో స్కాన్ చేసిన ఒక పుస్తకాన్ని పునర్ముద్రణకు తీద్దామని మా ఆపరేటర్ అమ్మాయి ఆ ఫోల్డరును తన కంప్యూటరులోకి కాపీ చేయడం మొదలుపెట్టింది. కాపీ సగంలో ఆగిపోయింది. కాసేపటికి పెట్టె నుంచి విడవకుండా బీప్ శబ్దం రావడం మొదలైంది. "సార్, సర్వర్ ఫోల్డర్లు ఒక్కటి కూడా కనపడటం లేదు" అని ఆమె చెప్పేసరికి నేను లేచి వెళ్లి చూశాను. నాలుగు దీపాల్లో రెండు ఆకుపచ్చగా ఉన్నాయి, రెండు నారింజ రంగులో ఉన్నాయి. రెయిడ్ 5 అంటే ఒక డిస్కు పోయినా ఫరవాలేదని, రెండు పోతే మాత్రం ఏమీ మిగలదని పెట్టె కొన్ననాడు విన్న మాట అప్పుడు గుర్తుకొచ్చింది.

ఆ రెండు దీపాల్లో ఒకటి ఆరోజు వెలిగినది కాదని తర్వాత తెలిసింది. సంక్రాంతి సెలవుల్లో ఆఫీసు మూసి ఉండగానే రెండవ డిస్కు వరస నుంచి, అంటే రెయిడ్ కలిపిన ఆ నాలుగు డిస్కుల కూటమి నుంచి తప్పుకుంది. పండగ తర్వాత వచ్చిన వాళ్లు బీప్ శబ్దాన్ని బటన్ నొక్కి ఆపారు. ఫోల్డర్లు ఎప్పటిలాగే తెరుచుకుంటున్నాయి కనుక ఎవరూ దాన్ని ప్రమాదంగా భావించలేదు. పెట్టె నా మెయిలుకు పంపిన హెచ్చరికను నేను కూడా తెరిచి చూడలేదు. ఇది పూర్తిగా నా తప్పు. జనవరి మధ్య నుంచి మే దాకా నాలుగు నెలలపాటు మేము ఏ ఆసరా లేకుండా పని చేశాము.

విడిగా మరో ప్రతి ఎందుకు లేదని ఎవరైనా అడగవచ్చు. ఉండేది. ఒక ఎక్స్‌టర్నల్ డిస్కు మీద నెలకోసారి అంతా కాపీ చేసి సింగ్‌నగర్‌లోని మా ఇంట్లో బీరువా కింది అరలో దాచేవాణ్ని. 2024 సెప్టెంబరు 1న బుడమేరు పొంగి సింగ్‌నగర్ మునిగినప్పుడు ఆ బీరువా కూడా మునిగింది. నీళ్లు రోజుల తరబడి కదలలేదు. ప్రాణాలతో బయటపడ్డాం, అదే చాలనుకున్నాం. ఇంట్లో మంచాలు, ఫ్రిజ్, పిల్లల పుస్తకాలు తిరిగి సమకూర్చుకునే హడావుడిలో కొత్త బ్యాకప్ డిస్కు కొనడం వాయిదా పడుతూ వచ్చింది.

మర్నాడు ఉదయం పెట్టెను గవర్నర్‌పేటలో ఒక సర్వీసు దుకాణానికి తీసుకెళ్లాను. అక్కడి కుర్రవాడు డిస్కులన్నీ బయటికి లాగి, మళ్లీ పెట్టి, రెండుసార్లు ఆన్ చేశాడు. తర్వాత పెట్టెలోని రెండవ అరలో కొత్త డిస్కు పెట్టి 'రిపేర్' నొక్కుదామని, అది ఒప్పుకోకపోతే పెట్టెను మళ్లీ మొదటి నుంచి సెటప్ చేసి, రికవరీ సాఫ్ట్‌వేరుతో ఫైళ్లు లాగుదామని చెప్పాడు. అతను సాయం చేయాలనే అన్నాడు, అందులో నాకు సందేహం లేదు. కాని 'మళ్లీ సెటప్' అన్న మాట వినగానే నాకు గుండె దడ పుట్టింది. గుంటూరులో ఒక ఇంజనీరింగ్ కళాశాలలో కంప్యూటర్ ల్యాబు చూసుకునే మా మేనల్లుడికి ఫోన్ చేశాను.

"మావయ్యా, ముందు ఆ పెట్టెకు కరెంటు తీసేయండి. ఎవరినీ ఏ బటనూ నొక్కనివ్వొద్దు. డిస్కుల మీద ఒక్క అక్షరం కూడా కొత్తగా పడకూడదు" అన్నాడు. డిస్కుల నుంచి ఏమైనా శబ్దం వస్తోందా అని కూడా అడిగాడు. టిక్ టిక్‌మని కొట్టుకుంటున్నా, కీచుమంటున్నా ఇక ఇంట్లో ముట్టుకోవడానికి వీల్లేదని, అది లోపల సమాచారం చదివే హెడ్డు దెబ్బతిన్న లక్షణమని, అటువంటి డిస్కును శుభ్రమైన గదిలో తెరవగల ల్యాబుకే పంపాలని చెప్పాడు. మా డిస్కుల్లో ఆ శబ్దం లేదు. నాలుగూ తిరుగుతున్నాయి, ఒకటి మాత్రం చదవడానికి చాలాసేపు తీసుకుంటోంది.

బుధవారం నాడు నాలుగు డిస్కుల మీద మార్కరుతో ఒకటి నుంచి నాలుగు దాకా అంకెలు వేసి, ఒక్కొక్కదాన్ని స్పాంజి షీటులో చుట్టి, సంచీని ఒళ్లో పెట్టుకుని గుంటూరు బస్సెక్కాను. బస్సు వారధి మీద అతుకుల దగ్గర కుదిపినప్పుడల్లా సంచీ కింద చేతులు పెట్టి పట్టుకున్నాను. దుకాణంలో డిస్కులను ఏ అరలోంచి తీసి ఏ అరలో పెట్టారో నాకు గట్టిగా తెలియదు, నేను వేసిన అంకెలు సరైనవో కావో కూడా తెలియదు. ఆ బెంగతోనే బ్రాడీపేటలో మా వాడి ఇల్లు చేరాను. మా పెట్టె లోపల నడిచేది లినక్సు అనే ఆపరేటింగ్ సిస్టమనీ, దాని రెయిడ్ వ్యవస్థ ప్రతి డిస్కు మీదా ఆ డిస్కు ఏ వరసకు చెందినదో, అందులో ఎన్నో స్థానమో రాసి ఉంచుతుందనీ, మార్కరు అంకెలు తప్పయినా ఇబ్బంది లేదనీ మా వాడు చెప్పిన తర్వాతే మంచినీళ్లు తాగాను.

ఇక్కడ రెయిడ్ 5 ఎలా పనిచేస్తుందో చెప్పకపోతే తర్వాతి కథ అర్థం కాదు. డిస్కులను ఈ విధంగా కలిపి వాడాలన్న ఆలోచనకు రెయిడ్ అన్న పేరు పెట్టి, ఐదు అంచెలుగా వర్గీకరించి 1988లో ప్రకటించినవారు బర్కిలీలోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయానికి చెందిన ప్యాటర్సన్, గిబ్సన్, క్యాట్జ్. మా నాన్నగారి కొట్టు చిట్టాతో పోల్చుకుంటే నాకు ఇది సులువుగా అర్థమైంది. ఒక వరసలో మూడు పద్దులు, నాలుగో గడిలో వాటి మొత్తం ఉన్నాయనుకుందాం. ఏదో ఒక పద్దు మీద సిరా ఒలికినా మొత్తంలోంచి మిగిలిన రెండూ తీసేస్తే అది తెలిసిపోతుంది. రెండు గళ్లు చెరిగిపోతే మాత్రం ఎవరూ ఏమీ చేయలేరు. కంప్యూటరు చేసేది కూడిక కాదు, ఎక్సార్ అనే ప్రక్రియ. అయినా పోయినదాన్ని మిగిలినవాటి నుంచి రాబట్టే తర్కం ఒకటే. ఆ 'మొత్తం' ఒకే డిస్కు మీద ఉండదు, వరసకొక డిస్కు చొప్పున వంతులు మారుతుంది. మా పెట్టెలో ఒక్కొక్క గడి 64 కిలోబైట్లు. అంతకంటే పెద్ద ఫైలు ఏదైనా ముక్కలై మూడు నాలుగు డిస్కుల మీదకు పాకుతుంది. మా స్కాన్ బొమ్మలు ఒక్కొక్కటి పాతిక, ముప్పై మెగాబైట్లు కనుక ప్రతి పేజీ నాలుగు డిస్కుల మీదా పరుచుకుని ఉందన్నమాట.

మా వాడు డిస్కులను ఒక్కొక్కటిగా తన కంప్యూటరుకు కలిపి, వాటి మీద రాత పడకుండా చదవడానికి మాత్రమే అనుమతి ఉంచి, వాటి స్మార్ట్ సమాచారం, అంటే డిస్కు తన ఆరోగ్యం గురించి తానే రాసుకునే లెక్కలు, తీశాడు. ఒకటి, మూడు ఆరోగ్యంగా ఉన్నాయి. నాలుగవ డిస్కులో చదవలేక పక్కన పెట్టిన సెక్టార్లు (డిస్కు మీద సమాచారం ఉండే చిన్న చిన్న ముక్కలు) వందల సంఖ్యలో ఉన్నాయి. మేము ఆశ్చర్యపోయినది రెండవ డిస్కును చూసి. జనవరిలోనే పోయిందనుకున్న ఆ డిస్కులో పెద్దగా లోపమేదీ కనపడలేదు.

దీనికి మా వాడు చెప్పిన కారణం నాలాగా చవకలో ఇంటి కంప్యూటర్ల డిస్కులు కొని ఇటువంటి పెట్టెల్లో వేసేవారందరూ తెలుసుకోవలసినది. మామూలు డిస్కుకు ఒక సెక్టారు చదవడం కష్టమైతే అది పట్టుదలగా మళ్లీ మళ్లీ ప్రయత్నిస్తుంది. ఒక్కోసారి నిమిషం పైగా జవాబివ్వదు. లినక్సు మాత్రం సాధారణంగా 30 సెకన్లే ఎదురుచూస్తుంది. ఆ లోపల సమాధానం రాకపోతే డిస్కుకు సంబంధాన్ని తెంచి మళ్లీ కలపడానికి చూస్తుంది, అదీ కుదరకపోతే డిస్కు చచ్చిపోయిందని భావించి వరస నుంచి తొలగిస్తుంది. రెయిడ్ కోసం తయారుచేసిన డిస్కులు ఏడు సెకన్ల ప్రాంతంలోనే ప్రయత్నం మానేసి 'చదవలేకపోయాను' అని ఒప్పుకుంటాయి, అప్పుడు రెయిడ్ వ్యవస్థ మిగతా డిస్కుల నుంచి ఆ ముక్కను కట్టుకుని పని సాగిస్తుంది. మా రెండవ డిస్కు జనవరిలో ఒక్కసారి ఆలస్యంగా పలికినందుకే బయటికి పోయి ఉంటుందని మా వాడి నిర్ణయం. నాకూ అదే సబబుగా తోచింది.

అయితే ఆరోగ్యంగా ఉంది కదా అని రెండవ డిస్కును మళ్లీ వరసలో కలిపేయాలన్న నా తొందరను అతను గట్టిగా వారించాడు. ఎందుకో చూపించడానికి ఎండీఆడ్మ్ అనే ఉపకరణంతో నాలుగు డిస్కుల మీద రెయిడ్ రాసుకున్న సమాచారాన్ని తెర మీదకు తెచ్చాడు. వరసలో మార్పు జరిగినప్పుడల్లా పెరిగే ఒక లెక్క ప్రతి డిస్కు మీదా ఉంటుంది. ఒకటి, మూడు డిస్కుల మీద అది 61,907. నాలుగవ దాని మీద 61,902. రెండవ దాని మీద 48,211, చివరగా రాసిన సమయం జనవరి 15, కనుమ రోజు తెల్లవారుజామున 2 గంటల 40 నిమిషాలు. అంటే ఆ డిస్కుకు తెలిసిన ప్రపంచం సంక్రాంతి దగ్గరే ఆగిపోయింది. దాన్ని బలవంతంగా కలిపితే నాలుగు నెలల్లో మారిన ప్రతి వరసలోనూ పాత గడి, కొత్త గళ్లు కలగాపులగమై, బాగున్న ఫైళ్లు కూడా పాడయ్యేవి. దుకాణంలో ఆ పని జరగనందుకు నేను ఇప్పటికీ లోపల దండం పెట్టుకుంటాను.

కనుక మాకు కావలసినవి ఒకటి, మూడు, నాలుగు. నాలుగవది రోగిష్ఠిది. దాన్ని నేరుగా వాడకుండా ముందు ప్రతి డిస్కుకూ పూర్తి నకలు తీసి, ఇక ఏ ప్రయత్నమైనా నకళ్ల మీదే చేయాలని నిర్ణయించాడు. మూడు నకళ్ల కోసం ఒక్కొక్కటి నాలుగు టెరాబైట్ల డిస్కులు మూడు కొన్నాము. రెండవ డిస్కు నకలు కోసం, తిరిగి వచ్చే ఫైళ్ల కోసం ఒక ఎనిమిది టెరాబైట్ల డిస్కు కొన్నాము. ఖర్చు భారమే అనిపించింది, అయినా ఒక పుస్తకం మళ్లీ మొదటి నుంచి కంపోజు చేయించడానికి అయ్యే కూలితో పోల్చి చూస్తే ఆలోచించవలసిన అవసరం లేకపోయింది.

నకలు తీయడానికి వాడినది గ్నూ డీడీరెస్క్యూ అనే సాఫ్ట్‌వేరు. మామూలు కాపీ ఒక చెడ్డ సెక్టారు దగ్గర చతికిలబడిపోతుంది. ఇది అలా కాదు. మొదటి విడతలో సులువుగా వచ్చేదంతా తీసుకుని, కష్టమైన చోట్లను దాటేసి ముందుకు పోతుంది. దాటిన చోట్లన్నిటినీ ఒక మ్యాప్ ఫైలులో రాసుకుని తర్వాతి విడతల్లో వాటి దగ్గరకు తిరిగి వస్తుంది. చావుకు దగ్గరైన డిస్కు నుంచి ముందు మంచి భాగమంతా కాపాడుకోవాలన్న ఈ క్రమం నాకు చాలా నచ్చింది. మధ్యలో కరెంటు పోయినా మ్యాప్ ఫైలు ఉన్నందువల్ల ఆగిన చోటు నుంచే మొదలుపెట్టవచ్చు. మాకు అది రెండుసార్లు అవసరపడింది.

ఒకటి, రెండు, మూడు డిస్కులు ఒక్కొక్కటి ఐదు గంటల లోపలే, ఒక్క సెక్టారు కూడా పోకుండా వచ్చాయి. నాలుగవ దాన్ని టేబుల్ ఫ్యాను ఎదురుగా ఒక చెక్క మీద పెట్టి రాత్రి పదింటికి మొదలుపెట్టాము. తెల్లవారేసరికి మొదటి విడత ముగిసి 99.9 శాతం పైగా వచ్చింది. మిగిలిన ఆ కొంచెం కోసం రెండున్నర రోజులు పట్టింది. తెర మీద 'మిగిలినది' అన్న అంకె ఒక్కొక్క గంటకు కొన్ని కిలోబైట్ల చొప్పున తగ్గుతుంటే నేను ప్రూఫులు చూడటానికి తెచ్చుకున్న కాగితాలు పక్కన పెట్టి దాన్నే చూస్తూ కూర్చున్నాను. ముందు నుంచి వెనక్కి, తర్వాత వెనక నుంచి ముందుకు చదివించాడు. వెనక నుంచి చదివినప్పుడు మరికొన్ని వచ్చాయి. చివరకు 1,184 సెక్టార్లు, అంటే 592 కిలోబైట్లు మాత్రం ఎన్నిసార్లు అడిగినా రాలేదు. ఇంకా అడిగితే హెడ్డు మీద భారం పడుతుందని అక్కడ ఆపేశాము.

రెండు టెరాబైట్లలో 592 కిలోబైట్లు అంటే ఏమీ లేనట్టే అనిపిస్తుంది. కాని ఆ వరసల్లో రెండవ డిస్కు కూడా లేదు. చిట్టాలో ఆ వరసలకు రెండు గళ్లు చెరిగినట్టే. నాలుగవ డిస్కు మీద పోయిన ప్రతి ముక్కతోపాటు, దాని ఆధారంగా లెక్కగట్టవలసిన రెండవ డిస్కు ముక్క కూడా పోతుంది.

మే 20న నకళ్లతో వరసను కట్టాడు. నకళ్ల మీద కూడా నేరుగా రాయనివ్వకుండా, ప్రతి నకలు ముందూ ఒక పలచటి పొర వేశాడు. ఏ ప్రోగ్రామైనా రాయబోతే ఆ రాత పొర మీద పడుతుంది, నకలు చెక్కుచెదరదు. ప్రయత్నం బెడిసికొడితే పొర పారేసి మళ్లీ మొదలుపెట్టవచ్చు. మా అచ్చు పనిలో ఒరిజినల్ మీద ట్రేసింగ్ కాగితం పరిచి గుర్తులు పెట్టినట్టే ఉందని నాకనిపించింది. నాలుగవ దాని లెక్క మిగిలిన రెండింటి కంటే ఐదే తక్కువ, అంటే అది దాదాపు చివరిదాకా వరసతోనే ఉంది; అయినా ఆ తేడా వల్ల దాన్ని ఒప్పించడానికి బలవంతపు ఆదేశం ఇవ్వవలసి వచ్చింది. వరస లేచి నిలబడింది. ఎక్స్‌టీ4 ఫైల్ సిస్టమును, అంటే ఫైళ్ల పేర్లు, అవి ఉన్న చోట్లు రాసి ఉంచే ఏర్పాటును, చదవడానికి మాత్రమే తెరిచాడు. మా ఫోల్డర్లు, ఆ పేర్లతోనే, ఆ వరసలోనే కనపడ్డాయి. 'సంపుటాలు', 'పాత పుస్తకాలు', 'కవర్లు', 'శుభలేఖలు 2011'. నాకు కళ్లు చెమర్చాయి.

పేర్లు రావడం మాకెంత ముఖ్యమో చెప్పాలి. మా పుస్తకాల్లో ఎక్కువ భాగం పేజీలు అమర్చే సాఫ్ట్‌వేరైన పేజ్‌మేకర్‌లో, అను ఫాంట్లతో చేసినవి. అవి యూనికోడ్ కాదు. తెర మీద తెలుగుగా కనపడినా లోపల ఉండేవి వేరే అక్షరాల సంకేతాలు. దుకాణంలో చెప్పినట్టు ఫైల్ సిస్టమును పక్కన పెట్టి, ముక్కల ఆకారాన్ని బట్టి ఫైళ్లను ఏరే సాఫ్ట్‌వేరు వాడి ఉంటే, ఫైళ్లు పేర్లు పోయి అంకెలతో బయటికి వచ్చేవి. 'ఈ వాక్యం ఉన్న ఫైలు ఏది' అని తెలుగులో టైపు చేసి వెతకడానికి కూడా వీలుండదు. పదహారేళ్ల పనిని ఒక్కొక్క ఫైలు తెరిచి గుర్తుపట్టవలసి వచ్చేది.

నేను వెంటనే కాపీ మొదలుపెడదామన్నాను. "ఫోల్డరు కనపడితే ఫైలు వచ్చినట్టు కాదు మావయ్యా. ఆ 592 కిలోబైట్లు ఎవరి మీద పడ్డాయో ముందు తేల్చుకుందాం" అన్నాడు. దానికి అతను వాడిన ఉపాయం ఈ మొత్తం వ్యవహారంలో నేను అన్నిటికంటే ఎక్కువగా మెచ్చుకున్నది. నాలుగవ నకలులో చదవలేకపోయిన చోట్లన్నిటినీ మొదట సున్నాలతో నింపి వరస కట్టి, ఉన్న ఫైళ్లన్నిటికీ ఎండీ5 వేలిముద్రలు (ఫైలులో ఉన్నదాని నుంచి లెక్కగట్టే సంకేతాలు, లోపల ఏమాత్రం మారినా ఇవి మారిపోతాయి) తీయించాడు. రెండోసారి అదే చోట్లలో సున్నాలకు బదులు వేరే గుర్తు నింపి, మళ్లీ వరస కట్టి, మళ్లీ వేలిముద్రలు తీయించాడు. ఒక్కొక్క విడతకు సుమారు తొమ్మిది గంటలు పట్టింది. రెండు జాబితాలనూ పోలిస్తే, వేలిముద్ర మారిన ఫైళ్లు ఏవో అవే దెబ్బతిన్నవి. నాలుగవ డిస్కులో నేరుగా పోయిన ముక్కలే కాక, దాని ద్వారా లెక్కగట్టిన రెండవ డిస్కు ముక్కల్లోని నష్టం కూడా ఈ పోలికలో బయటపడుతుంది.

నాలుగు లక్షలకు పైగా ఉన్న ఫైళ్లలో తొమ్మిది మాత్రమే తేడా వచ్చాయి. మిగిలిన చెడ్డ సెక్టార్లు ఖాళీ స్థలంలో పడ్డాయి. ఆ తొమ్మిదింటిలో ఏడు, మే 12న కాపీ చేయబోయిన ఆ 2013 నాటి పుస్తకపు పేజీలే. అప్పుడు కథ పూర్తిగా అర్థమైంది. ఆ ఫోల్డరును ఏళ్ల తరబడి ఎవరూ తెరవలేదు, అక్కడి సెక్టార్లు పాడైన సంగతి ఎవరికీ తెలియలేదు. తెరిచిన రోజునే డిస్కు తడబడి వరస కూలింది. ఇటువంటి లోపాలను ముందుగా పట్టుకోవడానికే నెలకోసారి వరస మొత్తాన్ని చదివించి సరిచూసే ఏర్పాటు ఉంటుంది. మా పెట్టెలోనూ ఉంది. దాన్ని ఎవరూ ఆన్ చేయలేదు.

ఆ పుస్తకం అసలు ప్రతిని స్కాన్ చేయగానే యజమానికి తిరిగి ఇచ్చేశాను. ఆయన తర్వాత కాలం చేశారు, ఇల్లు అమ్ముడుపోయింది, ఆ పుస్తకం ఏమైందో వారి పిల్లలకు తెలియదు. ఏడు పేజీల్లో అడ్డంగా చారలు పడితే ఇక వాటిని ఎక్కడి నుంచి తెస్తానన్న దిగులుతో ఆ రాత్రి నిద్ర పట్టలేదు.

పొద్దున్నే కాఫీ తాగుతూ మా వాడే దారి చెప్పాడు. జనవరి దగ్గర ఆగిపోయిన రెండవ డిస్కు మొత్తం మీద అబద్ధం కాదు, జనవరి తర్వాత మారిన చోట్ల మాత్రమే అబద్ధం. 2013 నాటి పేజీలు ఆ తర్వాత మారలేదు కదా! అంటే ఆ వరసలకు రెండవ డిస్కు మీద ఉన్నది ఇప్పటికీ నిజమే. ఒకటి, రెండు, మూడు డిస్కుల్లోని అవే స్థానాలను ఎక్సార్ చేస్తే నాలుగవ డిస్కులో చదవలేకపోయిన ముక్క వస్తుంది. ఇది ఊహ మీద వదిలేయకుండా ఒక పరీక్ష కూడా పెట్టాడు. చెడ్డ సెక్టారు ఉన్న అదే 64 కిలోబైట్ల గడిలో, దాని పక్కన బాగా చదవగలిగిన సెక్టార్లను కూడా ఆ మూడింటి నుంచి లెక్కగట్టించాడు. లెక్కలో వచ్చినదీ నాలుగవ డిస్కు నుంచి నేరుగా చదివినదీ అక్షరం పొల్లుపోకుండా సరిపోతే ఆ గడి జనవరి తర్వాత ముట్టుకోనిదేనని నమ్మవచ్చు. ఏడు ఫైళ్లకు చెందిన గళ్లన్నీ సరిపోయాయి. ఆ ముక్కలను నకలు ముందున్న పొర మీద అతికించి వరసను మళ్లీ కట్టాడు. ఏడు పేజీలను ఒక్కొక్కటిగా తెర నిండా పెద్దవి చేసి, పైనుంచి కింది దాకా చదివాను. ఎక్కడా చార లేదు. ఒక పేజీ అంచున ఆ పెద్దాయన పెన్సిలుతో రాసుకున్న రెండు మాటలు కూడా చెక్కుచెదరకుండా ఉన్నాయి.

మిగిలిన రెండు ఫైళ్లకు ఆ అదృష్టం లేదు. పక్క సెక్టార్ల పరీక్షలో అవి సరిపోలేదు, ఎందుకంటే రెండూ ఏప్రిల్‌లో రాసినవి. ఒకటి ముఖచిత్రం, దాని తుది పీడీఎఫ్ ప్లేట్లు వేసే చోట దొరికింది. రెండవది ఎనభై దాటిన ఒక విశ్రాంత అధ్యాపకుని రచనల రెండవ సంపుటిలో ఏడవ ఫారం. పేజ్‌మేకర్ దాన్ని తెరవలేకపోయింది. వేరే ప్రతి ఎక్కడా లేదు. మూడవ ప్రూఫు కాగితాలు మాత్రం, ఆయన ఎర్రసిరా దిద్దుబాట్లతో, నా సంచీలోనే ఉన్నాయి; గుంటూరులో చూద్దామని తెచ్చి, డీడీరెస్క్యూ అంకెలు చూస్తూ పక్కన పెట్టినవి అవే.

మే 26 నుంచి కాపీ సాగింది. కాపీ అయిన తర్వాత వేలిముద్రలు మళ్లీ సరిచూశాము. విజయవాడ వచ్చాక పేజ్‌మేకర్ ఉన్న పాత కంప్యూటరులో సంవత్సరానికి పది పుస్తకాల చొప్పున తెరిచి, మొదటి పేజీ, మధ్య పేజీ, చివరి పేజీ చూస్తూ వారం గడిపాను. ఒరిజినల్ డిస్కులు నాలుగింటినీ ఆ పని ముగిసేదాకా అట్టపెట్టెలో అలాగే ఉంచాము. ఇప్పుడు రెయిడ్‌కు తగిన కొత్త డిస్కులతో పెట్టె నడుస్తోంది. ప్రతి నెలా మొదటి ఆదివారం అది తనను తాను పూర్తిగా చదువుకుంటుంది. రెండు ఎక్స్‌టర్నల్ డిస్కుల్లో ఒకటి ఆఫీసులో, రెండవది బ్రాడీపేటలో మా వాడి ఇంట్లో రెండో అంతస్తులో ఉంటాయి. నెలాఖరున ఒకదాని స్థానంలోకి మరొకటి వెళుతుంది.

ఏడవ ఫారాన్ని మా ఆపరేటర్ అమ్మాయి ప్రూఫు కాగితాలు చూసి రెండు రోజుల్లో మళ్లీ కంపోజు చేసింది. మాస్టారికి జరిగినదంతా దాచకుండా చెప్పి, కొత్త ప్రూఫు ఇచ్చి, క్షమించమని అడిగాను. ఆయన కళ్లజోడు సవరించుకుని పదహారు పేజీలూ అక్కడే కూర్చుని చదివారు. "ఇది నేను మూడు ప్రూఫుల్లోనూ చూడలేదండీ" అంటూ పదకొండవ పేజీలో ఒక సంవత్సరం అంకె కొట్టేసి సరిదిద్దారు. ఆ దిద్దుబాటుతో ఫారం జూన్ 14న ప్లేట్లకు వెళ్లింది.